కన్నుమూసి కాంతిని కన్న శాస్త్రజ్ఞుడు

కన్నులు మూసికొని రెప్పలపై వ్రేలితో మెల్లగా నొక్కినచో చీకటిలో కాంతివలయములు, చుక్కలు, గళ్ళు పొడకట్టును. బాల్యమున ఎల్లరును చూచి మరచు ఈ వింతను మరువక, శాస్త్రవిషయముగా తీర్చిన మహనీయుడు యాన్ పుర్కిన్యే.

ఆయన 1787 డిసెంబరులో, నేటి చెక్ దేశములోని లిబొహోవిత్సె అను ఊరిలో జన్మించెను. ఆరేండ్ల ప్రాయముననే పితృహీనుడయ్యెను. కొంతకాలము క్రైస్తవమఠమున నుండి, గురుదీక్ష పొందకయే వెలువడి, ప్రాగు విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను.

ఆయనకు తన కన్నే ప్రయోగశాల. మూసిన కన్నులను సూర్యునివైపు త్రిప్పి, చాచిన వ్రేళ్ళను వాని ముందు వేగముగ నాడించెను. చదరంగపు గళ్ళు గోచరించెను. రెప్పలను నొక్కి చూచెను. స్వల్పవిద్యుత్తును ప్రసరింపజేసి చూచెను. ఆ ఆకృతులను చిత్రించి, 1818లో పట్టమునకై సమర్పించిన వ్యాసమున వర్ణించెను. పిమ్మట విషమూలికలను సైతము తానే సేవించి, దృష్టిలో కలిగిన మార్పులను వ్రాసికొనెను.

ఇందలి రహస్యమేమి? నేత్రపటలమును కదలించినది వెలుగే కానక్కరలేదు. ఒత్తిడియైనను, విద్యుత్తైనను మెదడు దానిని వెలుగుగనే గ్రహించును. గళ్ళు, చక్రములు మెదడులోని దృష్టిభాగపు నిర్మాణమువలన నేర్పడునని నేటి శాస్త్రజ్ఞుల భావన.

1823లో ఆయన బ్రెస్లౌలో ఆచార్యుడయ్యెను. 1837లో చిన్నమెదడులోని పెద్ద కణములను, 1839లో గుండెలోని ప్రత్యేకతంతువులను వర్ణించెను. అవి నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నవి. 1850లో ప్రాగునకు మరలి, 1869 జూలై 28న దివంగతుడయ్యెను.

లోకము భ్రమయని త్రోసివేసిన దానిని ఆయన సాక్ష్యముగా స్వీకరించెను. బాలుడు వింత యేదైన చూచితినని చెప్పినప్పుడు గురువు నవ్వి ఊరకుండరాదు. మరల చూచి వ్రాయుమని ప్రోత్సహింపవలెను.