పగడపు దీవుల మర్మమెరిగిన డార్విన్

హిందూమహాసముద్రమున కీలింగ్ దీవులు కలవు. నడుమ నిశ్చలమైన ఉప్పునీటి మడుగు, దాని చుట్టును కొబ్బరిచెట్లతో నిండిన సన్నని నేల, వెలుపల ఎడతెగక ఘోషించు కెరటములు. ఆ నేలంతయు పగడములను అల్పజీవులు కట్టుకొనిన సున్నపు గూళ్లతో ఏర్పడినది. ఇట్టి దీవులు అగాధజలముల నడుమ ఎట్లు వెలసెనో వివరించిన శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్.

ఆయన 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. ఎనిమిదవ యేట తల్లిని కోల్పోయెను. వైద్యుడైన తండ్రి కుమారునికి వైద్యవిద్య చెప్పింపదలచెను. కాని శస్త్రచికిత్సలను చూచి సహింపలేక డార్విన్ ఆ చదువు మానెను. పురుగులను, రాళ్లను సేకరించుటయందే ఆయనకు మక్కువ. 'బీగిల్' అను ఓడలో భూమిని చుట్టివచ్చు అవకాశము రాగా తండ్రి మొదట అంగీకరింపలేదు. మేనమామ నచ్చజెప్పిన పిమ్మట అనుమతించెను. 1831 డిసెంబరు 27న ఓడ బయలుదేరెను. ఓడ ఊగినప్పుడెల్ల తలత్రిప్పుట, వాంతులు ఆయనను బాధించెను. అయినను పరిశీలన మానలేదు.

1835లో చిలీ దేశమున సంభవించిన భూకంపమునకు తీరపు నేల కొన్ని అడుగులు పైకి లేచుట ఆయన గమనించెను. ఒకచోట నేల లేచినచో మరియొకచోట క్రుంగకుండునా యని తలపోసెను. దిబ్బకట్టు పగడములు లోతులేని నీటియందే పెరుగును. అట్లయిన అగాధసముద్రమున వానికి పునాది ఎట్లు దొరకెను? మునిగియున్న అగ్నిపర్వతముల అంచులపై అవి పెరిగెనని భూగర్భశాస్త్రజ్ఞుడగు లైల్ వ్రాసియుండెను. లైల్ గ్రంథమును డార్విన్ మిక్కిలి గౌరవించెను. అయినను ఈ వాదము ఆయనకు సరిపడలేదు. అగ్నిపర్వత ద్వీపము మెల్లమెల్లగా క్రుంగుచుండగా, దాని చుట్టునున్న పగడములు పైపైకి పెరుగుచుండును. తుదకు ద్వీపము మునిగి పగడపు వలయము మాత్రమే మిగులునని ఆయన ఊహించెను. అప్పటికింకను ఆయన నిజమైన పగడపు దిబ్బను చూచియుండలేదు!

1836 ఏప్రిల్ 1న ఓడ కీలింగ్ దీవులను చేరెను. సీసపు గుండు అడుగున క్రొవ్వు పూసి త్రాటితో నీట దింపిరి. 10 బారల లోతు వరకు క్రొవ్వుపై సజీవమైన పగడముల ముద్రలు పడెను. లోతు హెచ్చినకొలది ముద్రలు తగ్గి ఇసుక అంటుకొనెను. తీరమునకు 2,200 గజముల దూరమున 7,200 అడుగుల త్రాడు వదలినను అడుగు అందలేదు. డార్విన్ ఊహకు బలము చేకూరెను.

ఇంగ్లండు చేరిన తరువాత ఆయన వాదమును వినిన లైల్ తన అభిప్రాయమును విడిచి, దానినే ఆదరించెను. 1842లో డార్విన్ పగడపు దిబ్బలపై గ్రంథము ప్రకటించెను. 1859లో వెలువడిన జీవపరిణామ గ్రంథము ఆయనకు లోకఖ్యాతి తెచ్చెను. పగడముల వాదమును మాత్రము కొందరు శాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. పగడపు దీవిని లోతుగా తొలిచి చూచినగాని నిజము తేలదని ఆయన వార్ధక్యమున కోరుకొనెను. ఆ కోరిక తీరకమునుపే 1882 ఏప్రిల్ 19న మరణించెను. 70 ఏండ్ల తరువాత, 1952లో పసిఫిక్ సముద్రమందలి ఎనివెటాక్ దీవిని తొలువగా, 4,000 అడుగులకు పైబడిన పగడపు సున్నపురాతి క్రింద అగ్నిపర్వత శిల బయటపడెను.

డార్విన్ చూచిన దీవులకు ఉత్తరమున గల చిన్న పగడపు దీవిని ఆస్ట్రేలియా ప్రభుత్వము 1995లో జాతీయవనముగా ప్రకటించెను. అచ్చట ఎర్రకాళ్ల సముద్రపక్షులు వేలకొలది గూళ్లు కట్టును; కొబ్బరిపీతలు, పచ్చతాబేళ్లు కూడ కలవు. 2022లో ఆ దీవుల చుట్టునున్న సముద్రమును రక్షితవనమయ్యెను. అయినను సముద్రము వేడెక్కిన పగడములు తెల్లబారి చచ్చును. ఆ వేడిని ఏ సరిహద్దును ఆపజాలదు. పగడములు పెరుగుట మానిన నాడు అట్టి దీవికి రక్షణ లేదు. ఈ సత్యమును మనకు తెలిపినవాడు, పెద్దలను గౌరవించుచునే వారి మాటను పరీక్షించి చూచిన డార్విన్.