గ్రాహంబెల్ చేసిన ఇంకో యంత్రం

టెలిఫోన్ కనిపెట్టింది ఎవరని అడిగితే మన హాస్టల్లో ఐదో తరగతి తమ్ముడు కూడా అలెగ్జాండర్ గ్రాహంబెల్ అని చెప్తాడు. ఆయన చేసిన ఇంకో యంత్రం సంగతి నాకు ఎమ్మెస్సీలో చేరేదాకా తెలియదు. దాని సంతతిని మా బాపు మాత్రం ఎప్పుడో చూశాడు. 1990లలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మందుపాతరల భయం అంతా ఇంతా కాదు. మా ఊరి మోరీ దగ్గర బస్సు ఆపి, పోలీసులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, పొడుగాటి కర్రకు గుండ్రటి పళ్లెం ఉన్న యంత్రంతో నేలంతా వెతికేవారట.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించాడు. తల్లికి సరిగా వినబడదు. అన్న, తమ్ముడు ఇద్దరూ క్షయతో పోయారు. 1870లో కుటుంబం కెనడాకు వలసపోయింది. తర్వాత ఆయన అమెరికాలోని బోస్టన్‌లో వినికిడి లేని పిల్లలకు చదువు చెప్పాడు. 1876లో టెలిఫోన్‌కు పేటెంటు పొందాడు. ఇదంతా మనం చదువుకున్నదే.

1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే 1895 దాకా రాలేదు. డాక్టర్లు కడగని వేళ్లతో గాయంలో వెతికారు. బెల్ రాత్రింబవళ్లు శ్రమించి తీగచుట్టలతో ఒక యంత్రం తయారుచేశాడు. దగ్గర్లో లోహం ఉంటే తీగచుట్టల మధ్య విద్యుత్ సమతూకం చెడి, టెలిఫోన్ రిసీవర్‌లో చప్పుడు వస్తుంది. జూలై 26న, ఆగస్టు 1న అధ్యక్షుని మీద పరీక్షించాడు. తూటా దొరకలేదు. పరుపు కింద ఉక్కు స్ప్రింగులు ఉన్నాయని ఆయనకు తర్వాత గానీ తెలియలేదు. పైగా పెద్ద డాక్టరు కుడివైపే వెతకనిచ్చాడు. తూటా ఎడమవైపు ఉంది! సెప్టెంబర్ 19న అధ్యక్షుడు మరణించాడు.

అదే ఆగస్టులో బెల్‌కు పుట్టిన కొడుకు ఊపిరందక కొన్ని గంటలకే కన్నుమూశాడు. ఆ దుఃఖంలోనే ఆయన ఊపిరి ఆడించే సాధనం ఒకటి తయారుచేశాడు. నాకైతే టెలిఫోన్ కన్నా ఈ రెండు నెలలే పెద్దవనిపిస్తాయి.

తూటాల యంత్రం మాత్రం పనికిరానిది కాదు. అంతర్యుద్ధంలో గాయపడిన పాత సైనికుల ఒంట్లో తూటాలను అది పట్టింది. బెల్ 1922 ఆగస్టు 2న కెనడాలో మరణించాడు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలో టెలిఫోన్లన్నీ ఒక నిమిషం మూగబోయాయి.

1941లో పోలండ్ ఇంజనీరు కొసాట్స్కీ స్కాట్లాండ్‌లో ఉండి, తీగచుట్టలతోనే మందుపాతరలు పట్టే యంత్రం చేశాడు. పేటెంటు తీసుకోలేదు. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ యుద్ధంలో అలాంటివి 500 దాకా వాడారు.

ఈ యంత్రానికి లోహం ఉందని తెలుస్తుంది, అదేమిటో తెలియదు. మా మోరీ దగ్గర ఒకసారి అది మోగితే బస్సులోని వాళ్లందరినీ దూరంగా చేను గట్టు మీద కూర్చోబెట్టారట. గంటసేపు మెల్లగా తవ్వితే ఎద్దు కాలి నాడా దొరికింది.