కొయంబత్తూరు జి. డి. నాయుడుగారు

మన షోలాపురపు నేతవాడలలో ప్రొద్దు పొడిచినది మొదలు సాంచల చప్పుడు వినవచ్చుచుండును. నడుచుచున్న సాంచ నిలిచిపోయినచో, నేర్పరియైన నేతగాడు తొందరపడి దానినంతయు విప్పబోడు. పడుగులో పోగు తెగినదా, నాడెలోని కండె అయిపోయినదా, పట్టా జారినదా, మోటారునకు కరెంటు వచ్చుచున్నదా అని వరుసగా చూచుకొనును. ఒకటి సరిగా నున్నదని తేలిన పిదపనే రెండవదాని జోలికి పోవును. ఇట్టి వరుసగల విచారణను మోటారుబండ్ల విషయమున విద్యగా చేసికొని, దేశమంతట పేరుపొందిన తెలుగు కుటుంబీకులొకరు కలరు. వారే కొయంబత్తూరు జి. డి. నాయుడుగారు. వారును మనవలెనే తెలుగునాటికి వెలుపల, చుట్టును వేరొక భాష నడుమ, ఇంట తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టినవారు. అందుచే వారి చరిత్రమును మా పాఠశాల విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన, కొయంబత్తూరు సమీపముననున్న కలంగల్ గ్రామమున, వ్యవసాయ కుటుంబమునందు జన్మించిరి. బాల్యమున వారికి బడిచదువు రుచింపలేదు. అది ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయెను. తరువాత గ్రంథములు చదివియు, యంత్రములను పరికించియు, తమంతట తామే జ్ఞానమార్జించిరి. దీనిని చూచి బడి మానుట మేలని ఎవ్వరును తలపరాదు. ఆ నాయుడుగారే పిమ్మట సాంకేతిక విద్యాలయముల స్థాపనకు పాటుపడిరని ముందు చెప్పనున్నాము.

యౌవనమున నాయుడుగారు ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారుసైకిలుపై పోవుచుండగా చూచిరి. ఎద్దులుగాని గుఱ్ఱములుగాని లేక పరుగెత్తు ఆ బండి వారి మనస్సును పట్టుకొనెను. అట్టిదానిని కొనవలెనను పట్టుదలతో కొయంబత్తూరునకు పోయి, ఒక హోటలులో వడ్డించు పనికి కుదిరి, జీతమును కూడబెట్టి, తుదకు రడ్జ్ మోటారుసైకిలు నొకదానిని కొనిరి. మరియొకడైనచో దానినెక్కి ఊరంతయు తిరిగి ఆనందించియుండును. వీరు దాని భాగములన్నిటిని విప్పి, ఏది ఏ పని చేయునో చూచి, తిరిగి అమర్చిరి.

అట్లు విప్పి చూచువానికి పెట్రోలు ఇంజను మర్మము తెలియును. ఇంజను నడుచుటకు ముఖ్యముగా నాలుగు జరుగవలెను. పెట్రోలు తగినంత గాలితో కలియవలెను. ఆ మిశ్రమము సిలిండరులో గట్టిగా నొక్కబడవలెను. ప్లగ్గువద్ద నిప్పురవ్వ పుట్టవలెను. ఆ రవ్వయు సరియైన క్షణముననే పుట్టవలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఇంజను నడువదు. కావున నిలిచిన బండికి వైద్యము చేయువాడు ఈ నాలుగింటిలో లోపించినదేదో కనుగొనవలెను.

నేటి కారుల విషయమున దీనికి ముందు ఇంకొక ప్రశ్న చేరినది. తొలినాళ్లలో కారు ముందుభాగమున ఇనుప హ్యాండిలు పెట్టి చేతితో త్రిప్పెడివారు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912వ సంవత్సరపు కాడిలాక్ కారులలో అమర్చబడెను. క్రమముగా ఇంజనును మొదట త్రిప్పు భారము బ్యాటరీపై పడెను. అందుచేత కారు కదలనపుడు, ఇంజను అసలు తిరుగుచున్నదా లేదా అని మొదట చెవియొగ్గి వినవలెను. తిరుగనిచో పెట్రోలును శంకించుట వ్యర్థము. దీపములు మసకగా వెలిగినచో బ్యాటరీ నీరసించినదనియో, దాని కొనలకు పట్టిన తుప్పుచే కరెంటు అందుటలేదనియో అనుమానింపవలెను. దీపములు చక్కగా వెలుగుచున్నను ఇంజను తిరుగనిచో స్టార్టరును, దానికి పోవు తీగలను చూడవలెను. ఇంజను చురుకుగా తిరుగుచు అంటుకొననిచో, బ్యాటరీ మార్చిన లాభములేదు. అప్పుడు పెట్రోలువైపును, నిప్పురవ్వవైపును దృష్టి మరల్చవలెను. టాంకిలో పెట్రోలున్నదా, ఉన్నది ఇంజనుదాక వచ్చుచున్నదా, నడుమ ఫిల్టరు పూడినదా అని అడుగవలెను. ప్లగ్గు పెట్రోలుతో తడిసియున్నచో, పెట్రోలు వచ్చుచున్నదని రూఢియగును. రవ్వ లేకపోవుటయో, పెట్రోలు మితిమీరుటయో దోషమై యుండును. నేటి కారులలో ఈ పనులను చిన్న కంప్యూటరు నడుపుచున్నది. పరీక్షించు పరికరములును మారినవి. ప్రశ్నల వరుస మాత్రము మారలేదు. పెట్రోలు దగ్గర నిప్పురవ్వ అపాయకరము గాన, మేస్త్రీ తోడులేక విద్యార్థులు ఆ పరీక్షకు పూనుకొనరాదు.

ఇక నాయుడుగారి చరిత్రమునకు వత్తము. మొదటి ప్రపంచయుద్ధ కాలమున వారు తిరుప్పూరులో పత్తినుండి గింజలు తీయు మిల్లు పెట్టి ధనమార్జించిరి. పిదప బొంబాయి పత్తి వ్యాపారమున దానిని పోగొట్టుకొనిరి. అధైర్యపడక స్వస్థలమునకు తిరిగివచ్చి, కొయంబత్తూరు పారిశ్రామికుడగు రాబర్టు స్టేన్సు సహాయముతో ఒక బస్సును సంపాదించి, 1920లో పొల్లాచ్చికిని పళనికిని నడుమ తామే నడపిరి. ఒకే బస్సు గలవానికి అది నిలిచిన దినము కూడులేని దినమే. బండి ఎందుకు నిలిచినదో తెలిసికొనుట వారికి వినోదము కాదు, బ్రతుకుతెరువు. ఆ ఒక్క బస్సే కొలది సంవత్సరములలో యూనివర్సల్ మోటారు సర్వీసు అను పెద్ద సంస్థగా పెరిగెను.

వారి దృష్టి బస్సులతో ఆగలేదు. వారి న్యూ ఎలక్ట్రిక్ వర్క్సులో 1937లో డి. బాలసుందరం నాయుడుగారు తయారుచేసిన విద్యుత్ మోటారు, దేశములో తయారైన తొలి మోటారుగా ప్రసిద్ధి చెందినది. బ్యాటరీతో నడచు రసాంత్ అను క్షురకయంత్రమును, పండ్లరసము తీయు యంత్రమును, కిరోసినుతో తిరుగు పంకాను నాయుడుగారు రూపొందించిరి. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పైరులందు క్రొత్త రకములకై ప్రయోగములు చేసిరి.

కొయంబత్తూరున ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నికును, ఇంజనీరింగు కళాశాలయు వారి విరాళములతోను కృషితోను ఏర్పడెను. ఆ కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. 1945లో వారు దానికి ప్రిన్సిపాలుగా నుండిరి. ఇంజనీరింగునకు నాలుగేండ్లు అక్కరలేదనియు, రెండేండ్లలోనే నేర్పవచ్చుననియు వారి అభిప్రాయము. ప్రభుత్వము దానికి సమ్మతింపకపోగా వారు పదవిని విడిచిరి. మూడు నాలుగు తరగతులతో బడి విడిచిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతియగుట సామాన్యము కాదు.

1952లో వారు ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును తయారుచేసిరి. దాని వెల రెండువేల రూపాయలు మాత్రమే. సామాన్య గృహస్థునకు సయితము కారు అందవలెనని వారి కోరిక. కాని కారులు తయారుచేయుటకు వలసిన లైసెన్సును ప్రభుత్వము ఇయ్యలేదు. అంతటితో ఆ కారు నిలిచిపోయెను. ఇక్కడ మనము నిలిచి యోచింపవలెను. పెట్రోలు ఉన్నది, రవ్వ ఉన్నది, ఇంజను తిరిగినది; అయినను బండి జనుల వీథులకు రాలేదు. దోషము యంత్రములో లేదు, వెలుపల నున్నది. ఎంతటి మేస్త్రీయైనను ఇంజనును విప్పి ఆ దోషమును కనుగొనజాలడు.

ఈ వివేకము మా విద్యార్థులకు మిక్కిలి అవసరము. తెలుగులో పది తరగతులు చదివి, పిదప మరాఠీలోనో ఇంగ్లీషులోనో పాఠములు చెప్పు కళాశాలలో చేరిన మన పిల్లలు కొందరు తొలి నెలలలో వెనుకబడుచుందురు. వెంటనే చుట్టుప్రక్కలవారు తెలివి చాలదందురు. పిల్లలును దానిని నమ్మి చదువు మానుచుందురు. ఇది వినకయే, చూడకయే ఇంజను పాడైనదని తీర్పు చెప్పుటవంటిది. విషయము తెలియుటలేదా, విషయము తెలిసియు మాట తెలియుటలేదా, మాటయు తెలిసి అడుగుటకు జంకు అడ్డుపడుచున్నదా అని ఒక్కొక్కటిగా చూచుకొనవలెను. లోపము మాటలోనే యున్నచో మాటను నేర్చికొనిన చాలును, ఇంజను చెడలేదు.

నాయుడుగారు 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన పరమపదించిరి. కొయంబత్తూరున అవినాశి రోడ్డునందు వారి పేరిట ప్రదర్శనశాలయు, పాతకాలపు కారుల ప్రదర్శనశాలయు కలవు. ఆ వైపునకు పోవు భాగ్యము కలిగిన మా విద్యార్థులు వానిని తప్పక చూడవలెనని కోరుచున్నాము.