డేనియల్ మోర్గన్

కొవ్వు పూసిన తూటాలు 1857లో మన దేశమున రేపిన కల్లోలమును ఎరుగని పాఠకులుండరు. అంతకు ఎనుబది సంవత్సరములకు పూర్వమే, అమెరికా స్వాతంత్ర్య సమరమున, కొవ్వు పూసిన చిన్న గుడ్డపేలిక ఆంగ్ల సేనానులను చిక్కులపాలు చేసెను. ఆ పేలిక బలమును, దానితోపాటు వచ్చు బలహీనతను గూడ గుర్తెరిగి యుద్ధము నడపినవాడు డేనియల్ మోర్గన్.

ఇతడు ఇంచుమించు 1736లో న్యూజెర్సీ సీమలో, వేల్సు దేశమునుండి వచ్చిన కుటుంబమున జన్మించెను. యౌవనారంభముననే తండ్రితో తగవుపడి ఇల్లు వెడలి, వర్జీనియాలో అడవి నరకి, రంపపుమిల్లులో పాటుపడి, తుదకు సొంత బండి కొని సరకులు తోలుకొనుచు జీవించెను. ఆంగ్ల సైన్యమునకు బండ్లు తోలుచుండగా, 1756లో, ఒక అధికారిని కొట్టినందులకు అతనికి 500 కొరడాదెబ్బలు శిక్షగా విధించిరి. కొట్టినవాడు లెక్క తప్పెననియు, ఒక దెబ్బ ఇంకను బాకీయున్నదనియు మోర్గన్ తరువాత పరిహాసముగ చెప్పుకొనుచుండెడివాడు.

1775 జూన్‌లో కాంటినెంటల్ కాంగ్రెసు రైఫిలు దళములను కోరగా, అతడు పది దినములలో 96 మందిని సమకూర్చి, సుమారు 600 మైళ్లు 21 దినములలో నడిపించి బోస్టను చేర్చెను. వారి ఆయుధము మూతినుండి మందు కూరెడి పొడుగు రైఫిలు. దాని గొట్టములోపల మెలికలు తిరిగిన చాళ్లుండును. మందు పోసిన పిమ్మట, గొట్టపు రంధ్రముకన్న కొంచెము చిన్నదైన సీసపుగుండును కొవ్వు పూసిన నారబట్ట పేలికలో పొదిగి, కడ్డీతో అడుగువరకు దింపవలెను. పేలిక చాళ్లను పట్టుకొనుటచే గుండు గిరగిర తిరుగుచు సూటిగా పోవును. కొవ్వు వలన గుండు సులువుగ దిగును, మందుమసి మెత్తబడును. ఈ పేలికలను తుపాకి మడమ ప్రక్కను తొలిచిన చిన్న పెట్టెలో నుంచి, దానికి కొయ్యమూతగాని ఇత్తడిమూతగాని అమర్చెడివారు. దుమ్ము సోకక, తడవక, అవి ఎల్లప్పుడును చేతికందుచుండెడివి.

ఇట్టి రైఫిలు 200 గజముల దూరమున మనుష్యుని గురిచూచి కొట్టగలదు. మస్కెట్టు 100 గజములు దాటినచో నమ్మదగినది కాదు. కాని మస్కెట్టు నిమిషమునకు మూడుమారులు ప్రేలుచుండగా, రైఫిలును ఒక్కమారు నింపుటకే ఇంచుమించు నిమిషము పట్టుచుండెను. పైగా దానికి బాయినెట్టు లేదు. పేలికను గుండునకు చుట్టుచున్న సమయమున శత్రువు పైబడినచో రైఫిలుధారి నిస్సహాయుడు.

1775 డిసెంబరు 31న క్వెబెక్కు నగరముపై జరిగిన దాడిలో మోర్గన్ బందీయయ్యెను. విడుదలయైన పిమ్మట 1777లో సుమారు 500 మంది రైఫిలుధారులతో సరటోగా రంగమునకు పోయెను. అచ్చట బాయినెట్లు గల డియర్‌బార్న్ పదాతులు అతనికి అండగా నిలిచిరి. రైఫిళ్లు ఆంగ్ల అధికారులను ఏరి కూల్చెను. అక్టోబరు 17న జనరల్ బర్గోయిన్ లొంగిపోయెను.

మోర్గన్ ప్రజ్ఞ సంపూర్ణముగ వెల్లడియైనది 1781 జనవరి 17న, దక్షిణ కరొలినాలోని కౌపెన్సు వద్ద. అతడు రైఫిలుధారులను ముందును, గ్రామదళములను వారి వెనుకను, బాయినెట్లు గల క్రమశిక్షిత సేనను అటుపిమ్మటను నిలిపెను. గ్రామదళములు బాయినెట్లకు నిలువలేవని ఎరిగి, రెండుమారులు కాల్చి వెనుకకు తగ్గుడని మాత్రమే వారిని కోరెను. అది పలాయనమని భ్రమించిన టార్లెటన్ సేన వరుస తప్పి ముందుకురికి, చిక్కుకొని నాశనమయ్యెను. ఆంగ్లపక్షమున 110 మంది మరణించిరి. 500 మందికి మించి పట్టుబడిరి. తన పక్షమున మడిసినవారు 12 మందియని మోర్గన్ నివేదించెను.

టార్లెటన్‌ను పంపినవాడు లార్డు కారన్‌వాలిసు. ఆ సంవత్సరమే యార్కుటౌనులో ఓటమినొందిన ఈ ప్రభువే 1786లో మనకు గవర్నరు జనరలై వచ్చి, 1793లో బంగాళమున శాశ్వత బందోబస్తును నెలకొల్పెను. ఆ పద్ధతియే 1802 నాటి శాసనముతో చెన్నపురి రాజధానికిని వచ్చి, ఉత్తర సర్కారుల జమీందారీలకు ఆధారమయ్యెను.

నడుమునొప్పిచే మోర్గన్ 1781లోనే రంగము వీడెను. 1797 మొదలు 1799 వరకు అమెరికా ప్రతినిధిసభలో సభ్యుడుగ నుండి, 1802 జూలై 6న వర్జీనియాలోని వించెస్టరున మరణించెను. స్వేచ్ఛకై పోరాడిన ఇతడు బానిసలను ఉంచుకొనుట తీరని కళంకము.

ఆ యుద్ధమున ధైర్యశాలురు పెక్కుమంది కలరు. తన ఆయుధము చేయజాలని పనిని, తనవారు భరింపజాలని పరీక్షను ముందుగా లెక్కించినవారు మాత్రము అరుదు. పేలిక చుట్టుకొనుటకు వలసిన ఆ నిమిషమును తనవారికి సంపాదించి పెట్టుటయే మోర్గన్ సేనాపత్యము.