క్రీడాగురువు సయ్యద్ అబ్దుల్ రహీం గారు

హైదరాబాదు నగరము మన దేశమునకిచ్చిన గొప్ప గురువులలో సయ్యద్ అబ్దుల్ రహీం గారొకరు. వారు ముస్లిములు. అయినను, యువజనులను తీర్చిదిద్దు పనిలోనున్న మనము వారి జీవితమునుండి నేర్చుకొనవలసినది చాల గలదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడి పేరుపొందిరి. పిదప బడిపంతులుగా చేరి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లలకు ఆటలు నేర్పిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950లో సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను.

బంతిని తనయొద్దనే యుంచుకొని మెప్పు పొందవలెనని ప్రతి ఆటగానికిని ఆశ యుండును. దీనికి విరుగుడుగా, బంతిని వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో రహీం గారు పోటీలు నడిపిరి. వాటములేని కాలితోనే ఆడు పోటీలును పెట్టిరి.

వారి శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఏషియన్ క్రీడలలో స్వర్ణము గెలిచెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో, మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడగా, యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోరముగా ఓడిరి. అయినను రహీం గారు క్రుంగిపోలేదు. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో మన జట్టు నాలుగవ స్థానము పొందెను.

1962లో జకార్తా ఏషియన్ క్రీడలనాటికి క్యాన్సర్ వ్యాధి వారిని లోలోపల తినివేయుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి కలిగెను. తలకు గాయమై కుట్లుపడిన వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం గారు ముందువరుసలో నిలిపిరి. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో హైదరాబాదున పుట్టిన పీటర్ తంగరాజ్ గోలు కాచెను. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరియొక గోలు వేయగా, అదే కొరియాపై మనవారు 2-1తో గెలిచిరి. హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు కలిసి సాధించిన విజయమది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల వరకు ఆ స్వర్ణము మరల మనకు రాలేదు.

రహీం గారు 1963 జూన్ 11న కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు మాత్రమే. మేళ్లచెరువు వంటి మన గ్రామములలో పిల్లలకు ఆటగాని, పాటగాని, చదువుగాని నేర్పువారు ఇది గమనింతురు గాక: కప్పులను చేతబట్టినవారు శిష్యులు, వారికి బంతిని అందించుట నేర్పినవాడు ఒక బడిపంతులు. మన ఊరి పంతుళ్లను వారు బ్రతికియుండగానే గౌరవించుట మన విధి.