రాజా దీనదయాళ్

కొలువు చేయుచునే కళను కొలిచి ధన్యులైనవారు కొందరు గలరు. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా వాసికెక్కిన రాజా దీనదయాళ్ అట్టివాడు.

ఆయన 1844లో మీరటు చేరువనున్న సర్ధనాలో ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరునందు ప్రభుత్వ మరామతు శాఖలో చేరెను. కట్టడముల నక్షాలు గీయుట, ఖర్చుల అంచనాలు కట్టుట ఆయన పని. 1874 నుండి తీరిక వేళల ఛాయాచిత్రకళ నభ్యసించెను. నక్షాలు గీయుటలో కుదిరిన చూపు కెమెరాకును అక్కరకు వచ్చెను. మధ్య భారతమందలి కోటలకు, ఆలయములకు ఆయన తీసిన చిత్రములు సర్ లెపెల్ గ్రిఫిన్ వ్రాసిన గ్రంథమున 1886లో వెలువడినవి.

నలుబది యేండ్లు దాటిన గృహస్థు నెలనెలా చేతికందు జీతమును వదులుకొనుట సామాన్యమైన సాహసము కాదు. దీనదయాళ్ ఆ సాహసము చేసి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆశ్రయమున సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. పరదా పాటించు స్త్రీల కొరకు 1892లో హైదరాబాదున వేరొక స్టూడియో తెరచి, దాని నిర్వహణ మొక ఆంగ్ల వనితకు అప్పగించెను. నిజాము ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదమిచ్చెను. 1897లో విక్టోరియా రాణి ఆయనను తన ఛాయాచిత్రకారుడుగా గుర్తించెను.

దర్బారులు, వేటలు, విందులు ఆయన వృత్తికి ఆధారములు. అయినను ఆ గాజు పలకలపై చార్మినారు వీధియు, ఆ వీధిని నడచు జనమును నిలిచిరి. పందొమ్మిదవ శతాబ్ది చివరి కరువున సహాయపు పనులకు వచ్చిన కూలీలును నిలిచిరి. ప్రభువుల రూపములు చిత్తరువులలోనైనను మిగిలియుండును. ఈ సామాన్యుల కట్టు, తలపాగ, నిలుచు తీరు మనకు దక్కుటకు వేరు దారి లేదు. వారి పేర్లు ఎవరును వ్రాసియుంచలేదు. ముఖములు మాత్రము దక్కినవి.

1905లో ఆయన పరమపదించెను. కుమారుడు జ్ఞానచంద్ స్టూడియోను నడిపెను. గాజు పలక బరువైనది. చేయి జారిన తునాతునకలగును. అయినను రెండువేల ఎనిమిదివందలకు పైగా పలకలు నిలిచి, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్మారక బిళ్ల వెలువరించెను.

మన ఇండ్ల పెట్టెలలోను వెలిసిన పాత పటములు కొన్ని యుండును. అందలివారి పేర్లు, ఊళ్లు తెలిసిన పెద్దలుండగనే వాటి వెనుక వ్రాసియుంచుట ఆ మహనీయునికి మనమర్పింపదగిన నివాళి.