చెట్టు పేరు అడిగి రాసుకున్న డాక్టర్

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి రైల్లో వెళ్లేటప్పుడు, కిటికీ పక్కన కూర్చున్న మీ పాపను బయట కనిపించే చెట్ల పేర్లు అడిగి చూడండి. వేప, చింత, తుమ్మ దగ్గర ఆగిపోతుంది. తర్వాత మనల్ని అడిగితే మనమూ నీళ్లు నములుతాం. గుట్టల మీద ఉన్నవన్నీ మనకు అడవి చెట్లే.

రెండు వందల ఏళ్ల కిందట ఒక స్కాట్లాండ్ డాక్టర్‌కు మాత్రం ఆ మాటతో తృప్తి కలగలేదు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్. 1751లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదువుతూ, జాన్ హోప్ అనే గురువు దగ్గర మొక్కల పాఠాలు విన్నాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసులో చేరాడు. 1781 ప్రాంతంలో సామర్లకోటకు వచ్చాడు. అక్కడే మన భాష ఆయన పుస్తకంలోకి ఎక్కింది. కొత్త చెట్టు కనబడితే ఆకు, పువ్వు, కాయ పరిశీలించి, ఊరివాళ్లు దాన్ని ఏమంటారో అడిగి, ఆ తెలుగు పేరును కూడా రాసుకునేవాడు.

1787లో ఇంజరం దగ్గర తుఫాను, ఉప్పెన వచ్చి అప్పటిదాకా కూడబెట్టిన సేకరణ అంతా పోయింది. ఏళ్ల కష్టం ఒక్కసారిగా నీళ్లపాలైంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. అవి లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా అచ్చయ్యాయి. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. గీసినవాళ్ల పేర్లు మాత్రం వాటి మీద లేవు. ఇది నాకు మింగుడుపడని సంగతి.

మూడో సంపుటంలో ఉన్న ఒక చెట్టు మన అనంతపురం వైపు ఎండు అడవులకు బాగా సొంతం. అది నారేపి. ఏపి అని కూడా అంటారు. థామస్ హార్డ్‌విక్ అనే కంపెనీ అధికారి మీద గౌరవంతో రాక్స్‌బర్గ్ దానికి హార్డ్‌వికియా బైనాటా అని పేరు పెట్టాడు. బైనాటా అంటే జంట అని అర్థం. గుర్తుపట్టడానికి ఆ జంటే ఆధారం. ఒక్కో కాడ చివర రెండే చిన్న ఆకులు, ఎదురెదురుగా ఉంటాయి. ఆరె చెట్టు ఆకు కూడా దూరం నుంచి ఇలాగే అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అది మధ్యలో చీలిన ఒకే ఆకు, అడుగున కలిసే ఉంటుంది. నారేపిలో రెండూ పూర్తిగా విడివిడి. సన్నటి కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. చిగురు ఎర్రగా వస్తుంది. పలచటి రెక్కలాంటి కాయలో ఒక్కటే గింజ, చివర్లో. గాలికి అదే ఎగిరిపోతుంది. బెరడు నారతో తాళ్లు పేనేవారు, కరువులో ఆకు పశువులకు మేత. ఇవన్నీ మీ ఊళ్లో గొర్రెలు కాసే పెద్దాయనకు తెలిసే ఉంటాయి. రాక్స్‌బర్గ్ అడిగింది కూడా అలాంటివాళ్లనే. పిల్లలను ఆయన దగ్గరికి తీసుకెళ్లడానికి ఫీజు అక్కర్లేదు!

రాక్స్‌బర్గ్‌కు పువ్వు అందం ఒక్కటే చాలలేదు, చెట్టు మనిషికి ఎలా పనికొస్తుందో కూడా కావాలి. సోమిద బెరడు జ్వరానికి మందుగా పనిచేస్తుందేమోనని పరీక్షించాడు. 1790ల మొదట్లో తీరప్రాంతంలో కరువు వచ్చినప్పుడు, వానలు పోయినా జనానికి తిండి దొరికేలా కొబ్బరి, పనస లాంటి చెట్లు నాటించాలని కంపెనీకి సూచించాడు. కరువంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? ధర్మవరం వాళ్లకు ఇంకో సంగతి: టసర్ పురుగు మీద, ఆముదపు ఆకు తినే పట్టుపురుగు మీద కూడా ఆయన వ్యాసం రాశాడు.

1793లో కలకత్తా వృక్షోద్యానం బాధ్యత తీసుకుని ఇరవై ఏళ్లు నడిపాడు. అక్కడ గీయించిన బొమ్మలు రెండున్నర వేలు దాటాయి. ఆరోగ్యం చెడి 1813లో వెళ్లిపోయాడు, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశాడు. భారతదేశపు మొక్కల మీద రాసిన పెద్ద గ్రంథాన్ని అచ్చులో చూసుకోలేదు. విలియం కేరీ దాన్ని 1832లో పూర్తిగా వెలుగులోకి తెచ్చాడు.

ఈసారి పార్కులో గానీ నర్సరీలో గానీ చెట్టుకు శాస్త్రీయ నామం రాసిన బోర్డు కనబడితే చివరి ముక్క కూడా చదవండి. రాక్స్‌బ్ అని పొట్టిగా ఉంటే అది ఈ సామర్లకోట డాక్టరే. నారేపికి ఉంటుంది, వేగిసకూ ఉంటుంది.